నాగలి పట్టినవారికే చీటీ

మెదక్ పట్టణంలోని కరుణాలయ ధర్మ వైద్యశాల గేటు పక్కన ఒక బోర్డు ఉంది. "రోగులకు మనవి. చీటీ యంత్రము వాడుటకు ముందు కడుపునిండా భోజనము చేయవలెను. చెప్పులు విడిచి, కొంగు నడుమున దోపుకొనవలెను. ఆయాసము, గుండెదడ, ఎముకలు విరుగుట మొదలగు అసౌకర్యములు గలవారు అవి తగ్గిన పిమ్మట రావలెను." ఈ బోర్డు చదివి ఎవరూ వెనక్కు పోయినట్టు దాఖలా లేదు. చదివినవాళ్ళు తలూపి, కొంగు దోపుకుని, వరుసలో నిలబడతారు. బయటి ఊళ్ళవాళ్ళకు మాత్రం కొంచెం కొత్తగా తోచవచ్చు కనుక, ఇంతటి సౌకర్యం పట్టణానికి ఎలా కలిగిందో వివరించడం మా విధి.

మొదట్లో అక్కడ అద్దం యంత్రం ఉండేది. అద్దం మీద వేలు ఆనిస్తే పేరు అడుగుతుంది, ఇంకోసారి ఆనిస్తే జబ్బు అడుగుతుంది, మూడోసారి చీటీ ఇస్తుంది. దానికి ఉన్న లోపం ఒక్కటే. నాట్లు వేసిన వేళ్ళను, బీడీలు చుట్టిన వేళ్ళను, ఏళ్ళ తరబడి బట్టలు ఉతికిన వేళ్ళను అది వేళ్ళుగా ఒప్పుకోలేదు. జనం వేలిని నోట్లో తడిపి ఆనించారు, చీరకు తుడిచి ఆనించారు, కళ్ళకద్దుకుని ఆనించారు. అద్దం చలించలేదు. వైద్యశాల చైర్మన్ నగేష్ గారి వేలిని మాత్రం అది తాకీ తాకకముందే గుర్తుపట్టేది.

నగేష్ గారికి రైస్ మిల్లులున్నాయి. తండ్రి పేరు మీద దవాఖాన కట్టించిన ఉదారులు. ఒకసారి ఆయన విమానంలో పోతూ, ముందు సీటు జేబులో ఉన్న పుస్తకం తిరగేశారు. డిజిటల్ పరికరాలను మనిషి చేతికి సహజంగా అమరేలా తయారు చేయాలనీ, అద్దాల కాలం పోయి మళ్ళీ మీటల కాలం, పిడుల కాలం వస్తోందనీ అందులో రాసి ఉంది. విమానం దిగేసరికి ఆయన ఆ రంగంలో నిపుణులయ్యారు. "మన యంత్రం సహజంగ లేదు. అందుకే జనం పరేషానయితున్నరు," అని ట్రస్టు సమావేశంలో ప్రకటించారు. ఆయన మాట నిజం కావడం అది మొదటిసారి కనుక సభ్యులు కొంత తడబడి, తరువాత చప్పట్లు కొట్టారు.

ఆ పని ఫేబకు వచ్చింది. ఫేబ మెదక్ పిల్లే. తల్లి పెర్సిస్ నర్సుగా పనిచేసి రిటైరయింది. ఫేబ హైదరాబాదులో డిజైన్ చదివి, యంత్రాలకు మీటలు, పిడులు, తిప్పుడు చక్రాలు తయారు చేసే ఒక చిన్న కంపెనీలో చేరింది. బటన్లు తయారు చేస్తుందని తెలిసి చుట్టాలు చాలా జాలిపడ్డారు. ఇంత చదివి గుండీలు కుట్టే పనికి పోయిందా అని, పండక్కి వచ్చినప్పుడు తమ జాకెట్లకు హుక్కులు కూడా పెట్టించుకున్నారు.

ఫేబ చేసిన మొదటి తప్పు, దవాఖాన వరండాలో కూర్చుని రోగులను చూడటం. చంకలో బిడ్డ ఉన్న తల్లి మోచేత్తో అద్దాన్ని పొడిచింది. చెయ్యి వణికే ముసలాయన అరచేత్తో చరిచాడు. పట్టీ కట్టుకున్నవాడు మణికట్టుతో నొక్కాడు. వీళ్ళందరికీ పనికొచ్చే మీట ఒకటి చేయాలని ఆమెకు తోచింది. చేసింది కూడా. పూరీ అంత వెడల్పుతో ఎర్రటి మీట. పిడికిలితోనైనా, మోచేత్తోనైనా, ఏమీ చేతకాకపోతే నుదుటితోనైనా ఒత్తవచ్చు. ఒత్తితే మెత్తగా లోపలికి దిగి, "నీ మాట విన్నాను" అన్నట్టు టక్కుమంటుంది. దాని కింద నల్లా తిప్పినట్టు తిప్పే చక్రం, చక్రం చుట్టూ కన్ను, పన్ను, ఎముక, గుండె, ఊపిరితిత్తుల బొమ్మలు. అంతే.

ట్రస్టు సభ్యులు దాన్ని ఒకరి తరువాత ఒకరు ఒత్తి చూశారు. ఒత్తిన ప్రతిసారీ చీటీ వచ్చింది. చిక్కు అక్కడే వచ్చింది. అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"అంతేనా?" అని ఒక సభ్యుడు అడిగాడు.

అంతేనని ఫేబ చెప్పింది. ఇంత సులువుగా ఉంటే ఇందులో డిజైన్ ఎక్కడుందని ఆయన మర్యాదగానే ప్రశ్నించాడు. చైర్మన్ గారు లేచి నిలబడ్డారు. ఆయన లేస్తే ఉపన్యాసం లేకుండా కూర్చోరు.

"ఒత్తుడు మన సంస్కృతి కాదమ్మా," అన్నారు. "ఇది మెతుకు సీమ. మనం రైతు బిడ్డలం. రైతు బిడ్డకు ఏది సహజం? మీట సహజమా? మీటను మా తాత ఎరుగడు, మా తాత తాత ఎరుగడు. మట్టి సహజం. చెమట సహజం. యంత్రం ముంగట నిలబడితే మనిషికి తన పొలం యాదికి రావాలె."

మూడు తరాలుగా రైతుల దగ్గర వడ్లు కొంటున్న కుటుంబం కనుక, వ్యవసాయం మీద మాట్లాడే అధికారం ఆయనకు వంశపారంపర్యంగా ఉంది. ఫేబకు ఒళ్ళు మండింది. ముందున్న కాగితం వెనక్కు తిప్పి గబగబా ఒక బొమ్మ గీసింది. యంత్రానికి మీట బదులు నాగలి. చక్రం బదులు ఇసుర్రాయి. సరే అనడానికి రోకలి. తప్పయితే వెనక్కు రావడానికి బావి తాడు. "గిట్లయితే సహజంగ ఉంటదా సార్?" అని ఆయన ముందుకు తోసింది.

వ్యంగ్యం అర్థం కావాలంటే వినేవాడు నిలబడి ఉండాలి. చైర్మన్ కుర్చీలో కూర్చున్నవాడికి అది ఎక్కదు. నగేష్ గారు ఆ బొమ్మను చాలాసేపు చూశారు. కళ్ళు చెమర్చాయి. కాగితాన్ని సభ్యులందరికీ చూపించారు. ఒకాయన లేచి ఫేబకు నమస్కారం పెట్టాడు.

అది కోపంలో గీసిన బొమ్మ అని ఫేబ ఎంతగానో చెప్పింది. గొప్ప పనులన్నీ కోపంలోనే పుడతాయని చైర్మన్ గారు ధైర్యం చెప్పారు. కంపెనీ యజమానికి ఫోను చేసి చెబితే, ఆర్డరు ఇచ్చినవాళ్ళ తెలివిని సరిదిద్దడం మన వ్యాపారం కాదని ఆయన హితబోధ చేశాడు. తాను తప్పుకుంటే ఇంకెవరో ఇంతకన్నా ఘోరంగా చేస్తారని ఫేబ తనకు తాను నచ్చజెప్పుకుంది. లోకంలో ఘోరమైన పనులన్నీ ఈ ఒక్క వాక్యం మీదే నడుస్తున్నాయి కనుక మనం ఆమెను తప్పుపట్టనక్కరలేదు. నాగలి ఎలాగూ తప్పదు, కనీసం చిటికెన వేలితో కదిలేలా చేద్దామనుకుంది. అలాగే చేసింది.

చైర్మన్ గారు దాన్ని ఒక వేలితో కదిపి చూసి చిన్నబోయారు. "బరువు లేని నాగలి నాగలెట్లయితదమ్మా? జనం నవ్వరా?" అన్నారు. తేలిక సామాను తీసేయించి, అచ్చమైన తుమ్మకర్ర నాగలి పెట్టించారు. తన పాత ఇంట్లో మూలన పడి ఉన్న ఇసుర్రాయిని, రోకలిని స్వయంగా విరాళమిచ్చారు. దుమ్ము దులిపినందుకు ఆ విరాళం మీద ఆయన పేరు చెక్కించారు. వెనకాల కంప్యూటర్ మాత్రం పాతదే. నాగలి మేడి పట్టుకున్న అరచెయ్యి ఎవరిదో గుర్తుపట్టి, వాళ్ళ పేరు మీద చీటీ ఇస్తుంది. ఆ ఒక్క ఏర్పాటు ఫేబది. కనీసం పేరు చెప్పే బాధ అయినా తప్పుతుందని పెట్టింది.

ప్రారంభోత్సవానికి హైదరాబాదు నుంచి ఒక పెద్దమనిషి వచ్చారు. ఫొటోల కోసం పంచె ఎగగట్టి నాగలి నెట్టారు, ఇసుర్రాయి తిప్పారు, రోకలి దంచారు. యంత్రం ఆయనకు స్త్రీల వ్యాధుల విభాగానికి చీటీ ఇచ్చింది. పెద్దవాళ్ళు పొందిన చీటీని తప్పనడం సంప్రదాయం కాదు కనుక ఆయనను మేళతాళాలతో ఆ విభాగానికే తీసుకుపోయారు. అక్కడ గర్భిణులందరూ లేచి నిలబడ్డారు. డాక్టరమ్మ శాలువా కప్పి పంపించింది.

ఇక ఫలితాల సంగతి. నాగలి నెట్టగలిగినవాళ్ళకే చీటీ వస్తుంది కనుక, చీటీ వచ్చినవాళ్ళలో గుండెజబ్బు వాళ్ళు లేకుండా పోయారు. చెయ్యి విరిగినవాళ్ళు లేరు. పక్షవాతం అసలే లేదు. డాక్టర్ల ముందు కండలు తిరిగిన మనుషులు కూర్చుని, ఏం లేదు సార్, ఊరికే వచ్చిన అంటున్నారు. మెదక్‌లో రోగాలు తగ్గుముఖం పట్టాయని నెల తిరిగేలోపు నివేదిక తయారయింది. చైర్మన్ గారు పత్రికలవారిని పిలిచి, మందులు రోగాన్ని తగ్గిస్తాయి కానీ తమ యంత్రం రోగులనే తగ్గించిందని సెలవిచ్చారు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

ఆ రోజుల్లోనే రేగోడ్ నుంచి ఆగమ్మ వచ్చింది. అరవై దాటిన మనిషి. ఏళ్ళుగా ఆయాసం. ఆ దవాఖానలో ఇచ్చే పీల్చే మందుతోనే నెట్టుకొస్తోంది. వెంట కొడుకు ఎల్లం ఉన్నాడు. ట్రాక్టర్ నడుపుతాడు. తల్లిని వరుసలో నిలబెట్టి బాటిల్‌లో నీళ్ళు పట్టుకురావడానికి పోయాడు. ఆ వేళ ఫేబ కూడా అక్కడే ఉంది. యంత్రం ఎలా పనిచేస్తోందో చూసి రాయమని కంపెనీ పంపింది.

ఆగమ్మ నాగలి ఎలాగో కదిలించింది. ఇసుర్రాయి దగ్గరకు వచ్చేసరికి గొంతులో పిల్లి కూతలు మొదలయ్యాయి. ఊపిరితిత్తుల బొమ్మ దాకా రాయిని తిప్పాలి. కన్ను దాటింది, పన్ను దాటింది, ఎముక దగ్గర ఆగి, రాయి పిడి మీద తల ఆనించి, అలాగే పక్కకు ఒరిగిపోయింది. ఫేబ పరుగెత్తి ఆమెను ఒళ్ళోకి తీసుకుంది. గాలి కోసం ఆగమ్మ నోరు తెరుస్తోంది, గాలి మాత్రం ఎక్కడో సన్నటి సందులోంచి వస్తున్నట్టు వస్తోంది. వరుసలో ఉన్నవాళ్ళు ముందుకు జరిగారు. ఖాళీ వచ్చింది కదా మరి.

ఎల్లం వచ్చి తల్లిని లేవదీసి బల్ల మీద కూర్చోబెట్టాడు. కాస్త తెరిపిన పడ్డాక ఆగమ్మ ఫేబ చెయ్యి పట్టుకుంది.

"ఇసుర్రాయి ఇడిసిపెట్టి పిండి గిర్నికి పోవట్టి ఎన్నేండ్లాయె బిడ్డా," అంది. "పీడ పోయిందనుకున్న. గీడికొచ్చి కూసున్నదా?"

ఫేబ ఆ రాయిని మొదట గీసింది తానేనని ఆ ముసలమ్మకు చెప్పలేకపోయింది.

ఒక రోగి పడిపోయినందున విచారణ జరిగింది. మన వైద్యశాలలో విచారణలు సకాలంలో, సక్రమంగా జరుగుతాయి. యంత్రాన్ని కూలంకషంగా పరీక్షించి, అందులో ఏ లోపమూ లేదని, లోపం యావత్తూ రోగిలోనే ఉన్నదని తేల్చారు. అయినా మానవతా దృక్పథంతో ఒక సవరణ చేశారు. ఇకమీదట ప్రతి రోగీ తన వెంట ఒక ఆరోగ్యవంతుణ్ణి తెచ్చుకోవాలి. యంత్రాన్ని ఆ ఆరోగ్యవంతుడు నడపాలి. సవరణను అందరూ మెచ్చుకున్నారు.

సవరణ ప్రకారం ఎల్లం తల్లిని మళ్ళీ తీసుకొచ్చి, తానే నాగలి నెట్టాడు. ట్రాక్టర్ గేరు వేసినట్టు ఇసుర్రాయి తిప్పాడు, రోకలి దంచాడు. చీటీ వచ్చింది. దాని మీద ఎల్లం అని పేరు వచ్చింది. చెయ్యి ఎవరిదైతే పేరు వాళ్ళది. చీటీ పట్టుకుని తల్లితో సహా డాక్టర్ తమన్నా గదిలోకి పోయాడు.

డాక్టర్ తమన్నా మంచి మనిషి. ఆగమ్మ ఛాతీ మీద గొట్టం ఆనించి చూసి, పరిస్థితి బాగా లేదని గ్రహించింది. తరువాత కంప్యూటర్ వైపు చూసింది. అందులో ఎల్లం ఉన్నాడు. ఆగమ్మ అనే మనిషి ఆ రోజు దవాఖానకు వచ్చినట్టే లేదు. తాను మందు రాయగలననీ, కానీ అది ఎల్లం పేరు మీదే రాయాలనీ, ఎల్లంకు ఆయాసం ఉంటేనే మందుల గదిలో ఇస్తారనీ ఆమె నొచ్చుకుంటూ చెప్పింది.

"ఉన్నదని రాయుండ్రి మేడం," అన్నాడు ఎల్లం.

రాస్తే సరిపోదు. ఊపిరి కొలిచే గొట్టంలో రోగి ఊదాలి, ముల్లు కిందనే ఉండాలి. ఎల్లం ఊదాడు. ముల్లు పైదాకా పోయి కొట్టుకుని నిలిచింది. ఈయన గారి ఊపిరితో ఇంకో ఇద్దరు బతకవచ్చని కంప్యూటర్ అభిప్రాయపడి మందు నిరాకరించింది. తల్లీ కొడుకులు వరండాలోకి వచ్చి కూర్చున్నారు. ఆగమ్మ కొడుకుకు నేర్పడం మొదలుపెట్టింది. ఎల్లం మెల్లగా ఊదాడు. ఆమె తల అడ్డంగా తిప్పింది.

"గట్ల గాదు కొడుకా," అంది. "నువ్వు దాసిపెట్టుకొని ఊదుతున్నవ్. లోపల ఏం లేదనుకొని ఊదు. ఉన్నది గింతే అనుకొని ఊదు."

ఎల్లం తల్లి మొహం వంక చూశాడు. ఇన్నేళ్ళుగా ఆమె ఒక్కొక్క ఊపిరీ ఎలా తీసుకుంటుందో అతనికి అప్పుడే తెలిసింది. కళ్ళు తుడుచుకుని లోపలికి పోయి ఊదాడు. ముల్లు లేవలేదు. మందు ఇచ్చారు.

కొద్ది రోజుల్లోనే ఆ వరండా ఒక విద్యాలయమైంది. రోగులు గురువులు, వెంట వచ్చినవాళ్ళు శిష్యులు. ఒకామె మొగుడికి కుంటడం నేర్పుతోంది. ఒక తాత అల్లుడికి చెయ్యి వణికించడం చూపిస్తున్నాడు. వెంట ఎవరూ లేనివాళ్ళు అడ్డా మీది నుంచి కూలి మనుషులను పిలుచుకుని, వాళ్ళకు తమ జబ్బు అప్పజెబుతున్నారు. అడ్డాలో కొందరు ఒక్కొక్క జబ్బులో మంచి పేరు తెచ్చుకున్నారు. గుండెనొప్పికి ఫలానా మనిషిని పట్టుకో, డాక్టరే భయపడతాడు అని జనం చెప్పుకున్నారు. అతని పక్కన నిలబడితే అసలు రోగే వట్టి నటుడిలా కనిపించేవాడు. దవాఖాన మళ్ళీ కళకళలాడింది. రోగాలు తగ్గుముఖం పట్టిన పట్టణంలో రోగులు పెరగడం చూసి, తమ కీర్తి పక్క జిల్లాలకు పాకిందని చైర్మన్ గారు ఆనందించారు.

ఇంతలో ఎల్లంకు ఒక మంచి అవకాశం వచ్చింది. నర్సాపూర్ వైపు ఒక బడిలో బస్సు డ్రైవర్ కావాలన్నారు. నెలనెలా జీతం, సాయంత్రం ఇంటికి రావచ్చు. బండి తోలించి చూసి మెచ్చుకున్నారు. తరువాత దవాఖాన నుంచి ఆరోగ్యం వివరాలు తెప్పించారు. మనిషికి ముదిరిన ఆయాసం, నిలబడితే తూలుతాడు, మందు లేనిదే ఊపిరాడదు అని వచ్చింది. పిల్లల బస్సు ఇలాంటివాడికి ఎలా ఇస్తామని పంపేశారు. తన ఊపిరి చూపిస్తానని ఎల్లం అక్కడే ఊది చూపించబోయాడు. కంప్యూటర్‌లో ఉన్నదానికంటే ఊపిరి ఎక్కువ ఎలా అవుతుందని వాళ్ళు నవ్వారు.

ఎల్లం దవాఖానకు వచ్చి ఫేబను వెతుక్కుని ఈ సంగతి చెప్పాడు. కోపంగా చెప్పలేదు.

"మా అవ్వకు మందు దొరికింది అక్కా," అన్నాడు. "నాకు రోగం దొరికింది."

ఆ మాట ఫేబకు ముల్లులా దిగింది. ఇంటికి పోయి అన్నం ముందు కూర్చుని తినకుండా లేచింది. తల్లి పెర్సిస్ ఏమైందని అడిగింది. బొమ్మ గీసిన సంగతి దగ్గర నుంచి ఎల్లం ఉద్యోగం దాకా అంతా చెప్పింది. పెర్సిస్ ఓదార్చలేదు. గీసిన చేత్తోనే చెరపొచ్చు కదా అని మాత్రం అంది.

చైర్మన్ గారు అప్పుడు ఊళ్ళో లేరు. సహజ యంత్రానికి వచ్చిన బహుమతి అందుకోవడానికి ఢిల్లీ పోయారు. ఆదివారం ఓపీ ఉండదు. దవాఖాన కరెంటు పని చూసే జహంగీర్‌ను తోడు తీసుకుని ఫేబ నాగలి ఊడదీసింది. ఇసుర్రాయినీ రోకలినీ తాడునూ గోడ పక్కకు చేర్చింది. తన ఎర్ర మీట బిగించి, చక్రం పెట్టింది. పేరు రోగి నోటితో చెబితే చాలు. వెంట వచ్చినవాళ్ళ పేర్లు రోగుల పద్దు నుంచి తీసేయించమని డాక్టర్ తమన్నాను అడిగింది. ఆమె సంతోషంగా సంతకం చేసింది. ఎల్లంకు ఆయాసం ఆ పూటే నయమైంది.

సోమవారం పొద్దున జనం వచ్చారు. ఎర్ర మీటను చూశారు. వరుస కట్టలేదు, దూరంగా గుమిగూడారు. ఫేబ ముందుకు వచ్చి ఎలా ఒత్తాలో చూపించింది. టక్కుమంది, చీటీ వచ్చింది. జనం నవ్వలేదు, సంతోషించలేదు. ఒకాయన ఆ చీటీ తీసుకుని వెనకా ముందూ చూసి, మర్యాదగా తిరిగి ఇచ్చేశాడు. ఊరికే వస్తోందంటే ఏదో మోసం ఉండే ఉంటుందన్నాడు. ఇంకొకాయన, తనకూ పక్కవాడికీ ఒకే తీరుగా వస్తే ఇక తాను ముందు వచ్చి ఏం లాభమని అడిగాడు. ఒక పెద్దావిడ, మంచి డాక్టర్లను వేరే చోటికి మార్చారేమో, అందుకే ఇంత తేలికగా పోనిస్తున్నారని చెవిలో చెప్పింది. ఆ మాట గేటు దాకా పాకేసరికి డాక్టర్లు కూడా దొంగ డాక్టర్లయ్యారు. పేరుమోసిన గుండెనొప్పి మనిషి అడ్డా నుంచి వచ్చి, నోటి దగ్గర కూడు తీసేశారని గోడు వెళ్ళబోసుకున్నాడు.

మధ్యాహ్నానికి ధర్నా మొదలైంది. మా నాగలి మాకు కావాలని నినాదాలు. ఆయాసం వాళ్ళు కూడా ఓపిక తెచ్చుకుని అరిచారు. చెయ్యి విరిగినవాళ్ళు రెండో చెయ్యి ఎత్తారు.

ఆ గుంపును తప్పించుకుని ఆగమ్మ వచ్చింది. ఎల్లం చెయ్యి పట్టుకుని యంత్రం దాకా నడిచి, పిడికిలితో మీట ఒత్తింది. నాగలి వచ్చాక మొదటిసారి ఆమె పేరు మీద చీటీ వచ్చింది. డాక్టర్ తమన్నా ఆగమ్మనే చూసి, ఆగమ్మ పేరే రాసి, మంచి మందు ఇచ్చింది. ఆగమ్మ బయటికి వచ్చేసరికి ధర్నా ఆగి, అందరూ ఆమె వంకే చూశారు. దొంగసొత్తు పట్టుకున్న మనిషిని చూసినట్టు చూశారు. ఏం చెయ్యకుండానే ఇచ్చారా అని ఒకామె అడిగింది. అవునంటే ఏమవుతుందో తెలియక ఆగమ్మ మందును కొంగులో దాచుకుంది.

చైర్మన్ గారు ఆ సాయంత్రమే బహుమతితో దిగారు. ప్రజల కోరికను శిరసావహిస్తున్నానని గేటు దగ్గరే ప్రసంగించారు. సౌకర్యం పేరుతో ప్రజల కష్టాన్ని లాక్కునే కుట్రలు ఈ గడ్డ మీద సాగవన్నారు. నాగలికి దండ వేసి, ఇసుర్రాయి, రోకళ్ళతో సహా మళ్ళీ బిగించారు. చప్పట్లు మోగాయి. ఫేబ మీద ఆయనకు కోపమేమీ లేదు. ఆమెకు శాలువా కప్పి, ఎర్ర మీటను ఒక అట్టపెట్టెలో పెట్టి చేతికిచ్చి, ఇక రానవసరం లేదని గౌరవంగా తెలియజేశారు.

ఫేబ పెట్టె పట్టుకుని బయటికి వస్తుంటే మెట్ల మీద ఆగమ్మ కూర్చుని ఉంది. ఆయాసపడుతోంది. మందు చేతిలో ఉంది, మూత కూడా తీయలేదు.

"పీలుస్తలేదు అక్కా," అన్నాడు ఎల్లం. "అప్పటి సంది గట్లనే పట్టుకొని కూసున్నది."

ఫేబ పక్కన కూర్చుంది. ఆగమ్మ మందును అటూ ఇటూ తిప్పి చూసింది.

"మందు మంచిదే అన్నది మేడం," అంది. "గని బిడ్డా, జర కష్టం కూడ చెయ్యకుంట వచ్చింది గద. పనిజేస్తదా?"

మందు ఊపిరితిత్తుల్లోకి పోయి ఏం చేస్తుందో ఫేబ వివరంగా చెప్పింది. చీటీ ఎలా వచ్చిందో మందుకు తెలియదని కూడా చెప్పింది. ఆగమ్మ అంతా విని తలూపింది. మూత మాత్రం తీయలేదు. గొంతులో పిల్లి కూతలు పెరుగుతున్నాయి. ఎల్లం బతిమాలుతున్నాడు. ఫేబ అతని మొహం చూసింది, ఆమె మొహం చూసింది. పెట్టె మెట్ల మీద పెట్టి, ఆగమ్మను మెల్లగా లేవదీసి యంత్రం దగ్గరకు నడిపించింది. ఆమె చేతిని ఇసుర్రాయి పిడి మీద ఉంచి, దాని మీద తన చెయ్యి వేసి, బరువంతా తానే మోస్తూ ఒక్క చుట్టు తిప్పింది. రాయి గుర్రుమంది. ఆగమ్మ మొహం తేటపడింది. మూత తీసి, మందు నోట్లో పెట్టుకుని, గట్టిగా పీల్చింది. కాసేపటికి ఊపిరి తేలిగ్గా ఆడటం మొదలయింది.

"సూసినవా," అంది కొడుకుతో.

ఎల్లం తల్లి చేతిలోంచి మందు తీసుకుని మూత పెట్టాడు. చదువుకున్న డిజైన్ అంతా ఒక పక్క, ఆ ముసలమ్మ మొహంలో నమ్మకం ఒక పక్క నిలబడితే ఎటు చూడాలో ఫేబకు తెలియలేదు. శాలువా మడిచి ఆగమ్మ భుజాల మీద కప్పి వెళ్ళిపోయింది.

ఈ కథ చదివి మెదక్ వాళ్ళను చూసి నవ్వుకునే హక్కు అందరికీ ఉంది. మీకు ఏ ఆఫీసులోనైనా మొదటిసారి వెళ్ళినప్పుడే, ఎవరినీ బతిమాలకుండా, ఎక్కడా నిలబడకుండా పని పూర్తయి కాగితం చేతికి వచ్చి ఉంటే, గేటు దాటకముందే దాన్ని వెలుతురుకు పట్టి, ముద్ర అసలుదేనా అని మీరు తిప్పి చూసుకోకపోయి ఉంటే, తప్పకుండా నవ్వగలరు. మిగిలినవారు వరుసలో రావలెను.